గాజుతొట్టిలో గోదావరి ఆల్చిప్పలు

ఖమ్మమునుండి భద్రాచలమునకు పోవు త్రోవలో, పాల్వంచ దాటిన పిదప, అడవి యంచున మా గ్రామము గలదు. మావారు అచ్చటి పాఠశాలలో ఉపాధ్యాయులు. గత చైత్రమున శ్రీరామనవమికి భద్రాద్రికి పోయితిమి. త్రోవ పొడవునను ఇప్పపూలు రాలియుండెను. వాని తీపివాసన బస్సులోనికిని వచ్చుచుండెను. 1965వ సంవత్సరమున తెరచిన వారధిమీదినుండి చూడగా, గోదావరి ఇసుకతిన్నెల నడుమ పాయలై పారుచుండెను.

కల్యాణమున ముత్యాల తలంబ్రాలను జూచి మా పదేండ్ల అమ్మాయి, "అమ్మా! ముత్యము లెక్కడ పుట్టును?" అని యడిగెను. తానీషా కాలమునుండి ఈ ముత్యములు ప్రభుత్వము పక్షమున వచ్చుచున్నవని ప్రతీతి. ఆల్చిప్పలో పుట్టునని చెప్పితిని. మరునాడు పట్టాభిషేకము చూచి రేవునకు పోగా, దిగువ బురదలో నల్లని ఆల్చిప్పలు కానవచ్చినవి. ఏదో పుస్తకమున గాజుతొట్టిలోని రంగురంగుల ఆల్చిప్పల బొమ్మను చూచియున్న పిల్ల, "మన యింటను పెంచుకొందము" అని పట్టుపట్టెను. నాలుగింటిని బిందెలో వేసికొని వచ్చితిమి.

గాజుతొట్టిలో ఇసుక పరచి బావినీరు పోసితిని. ప్రతి యుదయమును పాతనీరు పారబోసి తేటనీరు నింపుచు, నా శుభ్రతకు నేనే మురిసితిని. కొన్నాళ్లకు ఒక చిప్ప నోరు తెరచుకొనెను. బ్రదికినదైన తాకగానే మూసికొనవలెను; అది మూసికొనలేదు. సాయంకాలమునకు తొట్టి యంతయు కంపు కొట్టెను.

మావారు ప్రకృతిశాస్త్రము తెరచి కారణము చెప్పిరి. ఆల్చిప్ప వేటాడునది కాదు. ఒక రంధ్రమున నీటిని పీల్చి, మొప్పలతో వడగట్టి, కంటికానని పాచిని తిని, వేరొక రంధ్రమున నీటిని విడుచును. నేను దినదినము పోసిన తేటనీరు దానికి వట్టి విస్తరి! అంతియేగాక, నదిలోని ఈ జాతి పిల్లలు కొంతకాలము చేపల మొప్పలను, రెక్కలను అంటిపెట్టుకొననిదే పెరుగవట. చేపలు లేని తొట్టిలో వాని వంశము నిలువదు.

మరి బొమ్మలోని రంగుల చిప్పలో? అవి పగడపు దిబ్బలలోని సముద్రజీవులు. మన లక్షద్వీపములందును, అండమానులందును గలవు. నీలి, పచ్చ, ఊదా రంగులతో మెరయు వాని మాంసపు పెదవులలో సూక్ష్మమైన పాచి నివసించి, సూర్యకాంతితో ఆహారము వండి పెట్టును. కావున తొట్టిలో వానికి సూర్యునివంటి దీపము, కిలో నీటికి సుమారు 35 గ్రాముల లవణము, గుల్ల పెరుగుటకు సున్నపు సత్తువ కావలెను. మన దేశమున 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టము వానిని కాపాడుచున్నది, సముద్రమునుండి తెచ్చుకొనరాదు.

అంతయు విని అమ్మాయి, "అమ్మా! తక్కిన మూడును ఆకలితో నున్నవా?" అని యడిగెను. నాకు మాట రాలేదు. ఆ ఆదివారమే వానిని గోదావరికి గొనిపోయితిమి. బురదలో నుంచిన కొంతసేపటికి ఒకటి నాలుకవంటి పాదమును మెల్లగా చాచి లోనికి దూరెను. పిల్ల చప్పట్లు కొట్టెను.

చచ్చినదాని చిప్ప మాయింటనే యున్నది. దానిని నడుమ బెజ్జము పడునట్లు అరగదీసి, ఈ యేడు మాగాయకు మామిడికాయల చెక్కు తీసితిని. ఇన్నేండ్లుగా వంటింట ఆల్చిప్పను వాడుచునేయున్నను, అది యేమి తినునని ఒకనాడైనను అడిగిన దానను గాను. ప్రాణిని ఇంటికి దెచ్చు సోదరీమణులు ముందుగా నా ప్రశ్న అడుగవలెనని నా ప్రార్థన.