బిల్హా దారిలో వైర్‌లెస్ బండి

హౌరా–నాగ్‌పూర్–ముంబయి ప్రధాన మార్గంలో బిలాస్‌పూర్ దాటి రాయపూర్ వైపు సాగే ప్రయాణికునికి బిల్హా ఒక పసుపుపచ్చని నామఫలకంగా మాత్రమే కనిపించి మాయమవుతుంది. దాధాపారా, చకర్‌భాఠా, బిల్హా, దగోరీ... ఈ పేర్లు కూడబలుక్కొని చదివేలోగా వేగపు రైళ్ళు వాటిని దాటిపోతాయి. బిల్హాలో పనిగట్టుకొని దిగేవారు వడ్ల వర్తకులు, బియ్యం మిల్లుల వారు, చుట్టుపక్కల పల్లెల రైతులు. ఛత్తీస్‌గఢ్‌ను 'ధాన్ కా కటోరా' అంటారు, అంటే వడ్లగిన్నె అని. ఆ మాటలో అతిశయోక్తి లేదని బిల్హా చుట్టూ పరచుకొన్న పొలాలను చూచినవారెవరైనా ఒప్పుకొంటారు. ఉక్కు రంగంతోనూ ఈ ప్రాంతానికి సంబంధం ఉన్నది. భిలాయి ఉక్కు కర్మాగారానికి డోలమైటును అందించే హిర్రీ గని ఈ బిలాస్‌పూర్ జిల్లాలోనిదే.

తెలుగువారికి ఇది పూర్తిగా పరాయి సీమ కాదు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలం నుండి ఉత్తరాంధ్ర కుటుంబాలు రైలు ఉద్యోగాల కోసం ఇటు వచ్చి స్థిరపడినాయి. 1931లో రాయపూర్–విజయనగరం మార్గం పూర్తయిన తరువాత రాకపోకలు మరింత సులభమైనాయి. నేటికీ విశాఖపట్నంలో రాత్రి కోర్బా ఎక్స్‌ప్రెస్ ఎక్కినవారు మర్నాడు రాయపూర్ మీదుగా బిలాస్‌పూర్ చేరవచ్చును. 2003 నుండి ఆగ్నేయ మధ్య రైల్వేకు బిలాస్‌పూరే కేంద్రస్థానం. అక్కడి రైల్వే కాలనీలలో సాయంకాలం నడిచివెళ్తే ఏదో ఒక ఇంటి వాకిట మన శ్రీకాకుళం యాస చెవిన పడకమానదు.

మేము నలుగురం బిల్హా వెళ్ళినది విహారానికి కాదు. వర్షాలు మొదలు కాకముందే మన సంస్థ అత్యవసర సమాచార వాహనాన్ని దారి పొడవునా పరీక్షించి రావలెనని ఆదేశం. సెల్‌ఫోన్లున్న ఈ రోజుల్లో ఈ పాతకాలపు రేడియో ఎందుకని మా పిల్లలే అడుగుతుంటారు. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు బయటి లోకంతో సంబంధాలు ఎట్లా తెగిపోయినవో మన పెద్దలు చెప్పగా విన్నాము. అప్పటి బిలాస్‌పూర్ జిల్లాలోనే 1997 సెప్టెంబరు 14న అహమ్మదాబాద్–హౌరా ఎక్స్‌ప్రెస్ పెట్టెలు వంతెన మీదనుండి నదిలో పడి 81 మంది మరణించారు. అటువంటి వేళ టవర్లు పనిచేయకపోయినా, తీగలు తెగిపోయినా, ఒక బండి నిలిచిన చోటు నుండే వంద కిలోమీటర్ల దూరానికి మాట పంపగలగాలి. ఆ పని చేయగలిగినది 3 నుండి 30 మెగాహెర్ట్జ్‌ల నడుమనుండే హెచ్.ఎఫ్. తరంగం. అది ఆకాశంలోని అయనావరణాన్ని తాకి తిరిగి నేలకు దిగుతుంది.

చిక్కంతా యాంటెన్నా దగ్గరే. మాకు కేటాయించిన పౌనఃపున్యాలలో ఒకటి 5 మెగాహెర్ట్జ్‌ల ప్రాంతంలోనిది. ఆ తరంగం పొడవు 60 మీటర్లు. అందులో నాలుగవ వంతు, అంటే 15 మీటర్ల కమ్మి నిలబెడితే యాంటెన్నా సహజంగా పలుకుతుంది. బండి మీద 15 మీటర్ల కమ్మి నిలబెట్టుకొని ఏ ఊరిలో తిరుగగలము? మా కమ్మి రెండున్నర మీటర్లు. తక్కువైన పొడవును కమ్మి మొదట్లో ఉండే ట్యూనర్ పెట్టె తనలోని తీగచుట్టలతో పూరించవలసి ఉంటుంది. ఇంత పొట్టి కమ్మి నిజంగా ఆకాశంలోకి పంపే శక్తిని నిరోధంగా లెక్కగట్టితే ఒక్క ఓము కూడా రాదు. చుట్టలోనూ, నేలలోనూ, తుప్పుపట్టిన అతుకులలోనూ వేడిగా పోయే భాగం పది ఓములకు పైమాటే. నూరు వాట్లు పంపితే పది వాట్లయినా ఆకాశానికి చేరవన్నమాట. ఈ ఇరుకులో మరొక నాలుగైదు ఓములు వృథా అయితే బండి మూగదే.

బిలాస్‌పూర్‌లో అంతా సవ్యంగా ఉన్నట్లే తోచింది. ట్యూనర్ పచ్చదీపం వెలిగించింది, వెనుకకు తిరిగివచ్చే శక్తి మీటరులో సున్నా. అయినా రాయపూర్ కేంద్రానికి మా మాట అందలేదు. బిల్హా చేరేసరికి అదీ తప్పింది. ట్యూనర్ లోపలి రిలేలు టకటకమని నిమిషాల తరబడి వెతుక్కుంటూనే ఉన్నాయి. పలికినప్పుడల్లా మైకు పట్టుకొన్నవారి పెదవికి చురుక్కుమని తగులుతున్నది. డాష్‌బోర్డు మీద డీజిలు ముల్లు గంతులు వేస్తున్నది.

మాతోపాటు ఒక సహోద్యోగి మామగారు వచ్చారు. ఆయన రైల్వే టెలికం శాఖలో పనిచేసి పదవీ విరమణ పొంది బిలాస్‌పూర్‌లోనే స్థిరపడినవారు. ఊరు చూపిస్తానని బయలుదేరిన పెద్దమనిషి చొక్కా చేతులు మడిచి మాతో సమానంగా బండి కింద దూరారు.

మొదట సులభమైనవి చూచాము. ప్రసారం చేసేటప్పుడు సెట్టు ఇరవై ఆంపియర్ల వరకు లాగుతుంది గనుక, ఇంజను నడుస్తుండగా బ్యాటరీ వోల్టేజి సెట్టు దగ్గర ఎంత పడిపోతున్నదో కొలిచాము. తరుగు స్వల్పమే. కమ్మి మరల అతుకులు విప్పి తుడిచి బిగించాము. అడుగున ఉన్న పింగాణీ ఇన్సులేటరు మీద తెల్లని ధూళి పేరుకొని ఉన్నది. నూరు వాట్ల సెట్టు పలుకుతున్నప్పుడు కమ్మి మొదట్లో మూడు వేల వోల్టులకు పైగా ఉంటుంది. రాత్రి మంచు పడితే ఈ ధూళిపొర మీదుగానే నిప్పురవ్వలు పాకుతాయి. అక్కడ చేయి పెట్టరాదని పిల్లలకు చెప్పినట్లు మళ్ళీ మళ్ళీ చెప్పవలసినది కూడా అందుకే. దానిని శుభ్రం చేసినా జబ్బు పోలేదు.

ట్యూనర్‌ను బండి శరీరానికి కలిపే ఆకుపచ్చని ఎర్త్ తీగను మామగారు వేలితో పట్టి చూపారు. మీటరు దూరం, సన్నని తీగ, చివర రంగు పూసిన బ్రాకెట్టు. మా మిత్రుడు మల్టీమీటరు పెట్టి, "మామయ్యా, సున్నా ఓములే చూపిస్తోందండీ" అన్నాడు.

"అది బ్యాటరీ కరెంటు సంగతి బాబూ. మీ రేడియో కరెంటుకి ఇది తీగ కాదు, చుట్ట!" అన్నారాయన నవ్వుతూ.

ఆ మాటలో లెక్క ఉన్నది. మీటరు పొడవున్న తీగకు ఇంచుమించు ఒక మైక్రోహెన్రీ ప్రేరకత ఉంటుంది. 5 మెగాహెర్ట్జ్‌ల వద్ద అది 30 ఓముల అడ్డంకి. పొట్టి కమ్మి యాంటెన్నాలో సగమైతే రెండవ సగం బండి శరీరమే. కమ్మిలోకి ఎంత కరెంటు ఎక్కితే అంతా ఆ శరీరం నుండి తిరిగి రావాలి. తిన్నని దారి లేనందువలన అది కోయాక్స్ కేబులు పైతొడుగు పట్టుకొని సెట్టులోకి, మైకులోకి, డీజిలు ముల్లులోకి చొరబడుతున్నది. ట్యూనర్ వెతుకులాటకూ, పెదవి చురుకుకూ కారణం ఒక్కటే.

పచ్చదీపం మాటేమిటి? ఇది గృహిణులకు నాకంటె బాగా తెలుసు. కుండలో నీరు పోస్తుంటే పొంగి పొర్లలేదంటే రెండే కారణాలు. కుండ పట్టి ఉంచుకొన్నదైనా కావాలి, అడుగున ఓటిదైనా కావాలి. వెనుకకు తిరిగివచ్చే శక్తిని కొలిచే మీటరు పొంగును మాత్రమే చూస్తుంది, ఓటిని చూడలేదు. నష్టాలు ఎక్కువైనకొద్దీ ఆ మీటరు మరింత సంతృప్తిగా సున్నా దగ్గర కూర్చుంటుంది. సెట్టుతోపాటు ఇచ్చే పుస్తకాలు ఈ ఒక్క సంగతిని మొదటి పుటలోనే అచ్చువేస్తే ఎంతోమంది సాంకేతిక సిబ్బందికి శ్రమ తప్పేదని నా అభిప్రాయం.

బిల్హా బజారులో వెల్డింగు కొట్టు ముందు పని సాగింది. వెడల్పాటి రాగి అల్లిక పట్టీలు మా పెట్టెలోనే ఉన్నాయి. ట్యూనర్‌ను జానెడు పట్టీతో బండికి బిగించాము. బిగించిన ప్రతిచోట రంగు గీకి, పళ్ళ వాషరు వేసి, తుప్పు పట్టకుండా గ్రీజు పూశాము. ఈ రకపు బండ్లలో శరీరం ఛాసిస్ మీద రబ్బరు దిమ్మలపై కూర్చుంటుంది గనుక ఆ రెంటినీ ఒక పట్టీతో కలిపాము. వెనుక తలుపు, బానెట్టు, సైలెన్సరు గొట్టం, వీటన్నింటికీ తలా ఒక పట్టీ. అక్కడికి యాభై అడుగుల దూరంలో చిన్న ఫీల్డ్ స్ట్రెంగ్త్ మీటరు పెట్టి ముందూ వెనుకా పోల్చాము. మునుపు లేచీ లేవనట్లున్న ముల్లు ఈసారి గుడ్డి సగం దాటింది. ట్యూనర్ ఒక్కసారి టకటకలాడి నిలిచిపోయింది. కొట్టు యజమాని డబ్బు తీసుకోలేదు, టీ మాత్రం తానే తెప్పించాడు.

స్టేషను పక్కన మాత్రం పలకడం కష్టమే. పట్టాల మీది తీగలో 25 వేల వోల్టుల విద్యుత్తు. ఇంజను పాంటోగ్రాఫు రవ్వలు చిమ్మినప్పుడల్లా మా సెట్టులో చిటపటలు. ఆ తీగలూ, ఇనుప వ్యాగన్లూ దగ్గరగా ఉంటే కమ్మి ట్యూనింగు కూడా పక్కకు జరుగుతుంది. మూడు వందల మీటర్లు తొలగితే రెండు బాధలూ చాలావరకు తగ్గినాయి. అంతకంటె ముఖ్యమైనది మరొకటి. లెవెల్ క్రాసింగుకు ముందు రోడ్డుకు అడ్డంగా ఉండే ఎత్తు హద్దు 4.67 మీటర్లు. బండి ఎత్తు రెండు మీటర్లు, కమ్మి రెండున్నర. ఆ లెక్కన అది హద్దు కిందనుండి దూరిపోవచ్చు. కానీ కుదుపుకు ఊగే కమ్మిని నమ్మి 25 వేల వోల్టుల కింద బండి నడపరాదు. క్రాసింగు రాకముందే దిగి, కమ్మిని వెనుకకు వంచి నైలాను తాడుతో కట్టవలసినదే.

ఆ కట్టడమే మాకు మరొక మేలు చేసింది. నిలువు కమ్మి తరంగాన్ని దిగంతం వైపు విసురుతుంది. అది ఆకాశాన్ని తాకి ఎక్కడో వందల మైళ్ళ అవతల దిగుతుంది, వంద కిలోమీటర్లలోని రాయపూర్ నడుమ మిగిలిపోతుంది. కమ్మిని వంచి దాదాపు అడ్డంగా కడితే కొంత శక్తి నెత్తిమీదికి లేచి చుట్టుపక్కలనే వర్షంలా కురుస్తుంది. అయితే వంచిన కమ్మి బండి శరీరానికి దగ్గరవుతుంది గనుక ట్యూనింగు మారిపోతుంది. కట్టిన ప్రతిసారీ మళ్ళీ ట్యూన్ చేయవలసి ఉంటుంది.

దగోరీ వైపు సాగుతుండగా మరొక విశేషం తెలిసింది. ఇక్కడి రైతులు నేలను భాటా, మటాసీ, డోర్సా, కన్హార్ అని నాలుగుగా విభజిస్తారు. భాటా అంటే మెట్టన ఉండే ఎర్రని గులకనేల, ఎండలో రాయివలె ఉంటుంది. కన్హార్ పల్లంలోని నల్లరేగడి, తేమను విడువదు. భాటా మీద నిలిపినప్పటికంటె కన్హార్ గట్టున నిలిపినప్పుడు మా ఫీల్డ్ మీటరు ముల్లు స్పష్టంగా ఎక్కువ లేచింది. మా డ్రైవరు ఛత్తీస్‌గఢీ రైతుబిడ్డ. "వరికి మంచి నేలే మీ మాటకూ మంచిదన్నమాట సార్" అన్నాడు హిందీలో. మధ్యాహ్నం అతడు తెచ్చుకొన్న బోరే బాసీలో మాకూ పాలు పెట్టాడు. మన చద్దన్నానికి అది తోబుట్టువే. పచ్చిమిరపకాయ, ఉల్లిపాయ కూడా సరిగ్గా మన వరుసే.

చివరి పరీక్ష మనియారీ నది ఒడ్డున తాలాలో. దేవరానీ–జేఠానీ, అంటే తోడికోడళ్ళ పేరిట రెండు ప్రాచీన ఆలయాలున్నాయక్కడ. 1980ల చివర మట్టిలోనుండి బయటపడిన రుద్రశివ విగ్రహం దాదాపు తొమ్మిది అడుగుల ఎత్తున నిలిచి ఉన్నది. నెమళ్ళు చెవులుగా, చేపలు మీసాలుగా, మొసలి ముఖాలు భుజాలుగా, అవయవానికొక జీవిని కూర్చి మలచిన మూర్తి అది. ఇటువంటి శిల్పం నేను మరెక్కడా చూడలేదు. మామగారు చాలాసేపు దాని ముందునుండి కదలలేదు.

సాయంకాలం నాలుగున్నరకు ఆలయాలకు దూరంగా, నది గట్టు మీది నల్లనేలలో బండి నిలిపి, కమ్మి వంచి కట్టి 5 మెగాహెర్ట్జ్‌ల మీద పిలిచాము. రాయపూర్ మొదటి పిలుపుకే పలికింది. మధ్యలో ఒకసారి స్వరం సన్నగిల్లినా మాట తెగలేదు. మేము చదివిన పది వరుసల పరీక్షా సందేశాన్ని అక్షరం పోకుండా వారు తిరిగి చదివి వినిపించారు. చీకటిపడిన తరువాత అదే పౌనఃపున్యం మీద ఇద్దరికీ గురగురలే మిగలగా, కిందనున్న రెండవ పౌనఃపున్యానికి మారి, మళ్ళీ ట్యూన్ చేసి, సందేశాన్ని ముగించాము. రాగి పట్టీలను వర్షాకాలానికి ముందొకసారి, తరువాత ఒకసారి విప్పి తుడవవలెనని డ్రైవరు అప్పుడే బండి లాగ్‌బుక్కు అట్ట లోపల హిందీలో రాసుకొన్నాడు.