కథ ఉన్నవారు, కథ లేనివారు



సంఘ కాపరి సినిమా గురించి వ్రాయుట ఏమిటని మీలో కొందరు ఆశ్చర్యపడవచ్చును. మా చిన్నతనములో సినిమా హాలు ముందునుండి నడిచి వచ్చినా మా నాయనగారు ఊరుకొనేవారు కారు. మేమును మా పిల్లల విషయములో చాలాకాలము అదే పద్ధతి పాటించాము. అయినా ఉన్న మాట దాచుట ఎందుకు? మొన్నటి క్రిస్మసు సెలవులలో ఒక రాత్రి మా ఇంట్లో ఒక ఆంగ్ల సినిమా చూశాము. చూచుటే కాదు, ఎంతో సంతోషించాము. ఆ సంతోషమే తెల్లవారేసరికి మమ్మును నిలదీసినది.

మా అమ్మాయి పట్టణములో ఫ్యాషను డిజైనింగు చదువుచున్నది. సెలవులకు వచ్చినప్పుడు తన కంప్యూటరు వెంట తెచ్చినది. "అమ్మా, ఈ సినిమాలో బట్టలు నువ్వు చూసి తీరాలి" అని తల్లిని పట్టుబట్టినది. మా ఇంటావిడ ఇరవై ఏళ్ళుగా కుట్టుమిషను మీద ఊరివారికి జాకెట్లు కుట్టుచు మా సంసారమునకు ఆసరాగా ఉన్నది. బట్టల మాట వినగానే సరేనన్నది. మేము కొంతసేపు వరండాలోనే కూర్చున్నాము గాని, లోపలనుండి వారి నవ్వులు వినలేక కుర్చీ లోనికి జరుపుకొన్నాము.

ఆ సినిమా పేరు 'క్రూయెల్లా'. డిస్నీ సంస్థ 2021లో విడుదల చేసినది. దాని వెనుక పాత కథ ఒకటి ఉన్నది. 1956లో డోడీ స్మిత్ అనే ఇంగ్లండు రచయిత్రి పిల్లల కోసము నూట ఒక్క డాల్మేషియన్ కుక్కల కథ వ్రాశారు. తెల్లని ఒంటిమీద నల్లమచ్చలుండే జాతి అది. ఆ కుక్కపిల్లలను దొంగిలించి, చంపించి, వాటి చర్మముతో కోటు కుట్టించుకోవాలని చూచే దుర్మార్గురాలే క్రూయెల్లా డి విల్. ఆ పేరులోనే క్రూరము, దయ్యము అనే అర్థములనిచ్చే ఆంగ్ల పదములు వినిపిస్తాయి. 1961లో అది బొమ్మల సినిమాగా, 1996లో నటీనటులతో సినిమాగా వచ్చినది. అన్నిటిలోను ఆమె దుష్టురాలే. అలాంటి మనిషి చిన్నపిల్లగా ఎలా ఉండేది? ఈ 2021 నాటి సినిమా ఆ ప్రశ్నతో మొదలవుతుంది.

పుట్టుకతోనే సగము నల్లని, సగము తెల్లని జుట్టు గల ఎస్టెల్లా అనే పిల్ల. తెలివైనది, దుడుకుది. బడిలో ఇమడలేకపోయినది. తల్లి ఆమెను లండనుకు తీసికొని వెళ్తూ, సహాయము అడుగుటకు దారిలో ఒక గొప్ప దొరసాని భవనమువద్ద ఆగినది. అక్కడ మూడు డాల్మేషియన్ కుక్కలు మీదికి దూకగా తల్లి కొండ అంచునుండి పడి చనిపోయినది. తన తప్పువల్లనే అమ్మ పోయినదని ఆ పసిది నమ్మినది. లండను వీధులలో ఇద్దరు అనాథ పిల్లలతో కలిసి దొంగతనములు చేస్తూ పెరిగినది. అయితే ఆమె చేతిలో సూది మాట వింటుంది. 1970లలో ఆమె యువతియై, బారనెస్ అని పిలువబడే పేరుమోసిన ఫ్యాషను దొరసానివద్ద పనికి చేరినది. ఆనాడు ఈలవేసి కుక్కలను తల్లిమీదికి ఉసికొలిపినది ఈ దొరసానియేనని తెలిసిన దినమున ఎస్టెల్లా మరుగై క్రూయెల్లా బయటికి వచ్చినది.

ఎస్టెల్లాగా ఎమ్మా స్టోన్, దొరసానిగా ఎమ్మా థాంప్సన్ నటించారు. బట్టల సంగతి మా అమ్మాయి చెప్పినట్టే ఉన్నది. విందులోనికి క్రూయెల్లా తెల్లని ముసుగు అంగీతో వచ్చి, దానికి నిప్పు అంటిస్తుంది. అది కాలిపోగా లోపలనుండి ఎర్రని గౌను వెలుగుతుంది. మరొకచోట చెత్తలారీనుండి చెత్తతోపాటు దిగుతుంది. లారీ కదిలిపోతుంటే గౌను అంచు దాని వెంట సాగుతూనే ఉంటుంది. "ఏమే, అది ఎన్ని గజాలుంటుందే?" అని మా ఇంటావిడ నోరు తెరిచినది. ఈ దుస్తులను రూపొందించిన జెన్నీ బీవన్ గారికి 2022లో ఆస్కారు బహుమతి వచ్చినది. అది ఆమెకు మూడవది.

కాని ఒక ఘట్టములో మా ఇంటావిడ నవ్వలేదు. క్రూయెల్లా ఒక గౌనుకు పూసలవంటివి కుట్టి ఇస్తుంది. అవి పూసలు కావు, పురుగుగూళ్ళు. వాటినుండి పురుగులు బయటపడి దొరసాని బట్టలన్నిటిని తినివేస్తాయి. మేము చప్పట్లు కొట్టాము. ఆమె మాత్రము, "ఆ బట్టలు దొరసాని కుట్టిందా ఏంటండీ? రాత్రింబగళ్ళు కూర్చొని కుట్టినవాళ్ళ కష్టం సంగతో?" అన్నది. ఆ మాట మాకు అప్పుడు తగులలేదు.

రాత్రి పడుకొన్న తరువాత తగిలినది. రెండు గంటలకు పైగా మేము ఒక దొంగ గెలవాలని కోరుకొన్నాము. ఎందుకు? ఆమె తల్లి ఎలా పోయినదో చూశాము గనుక. ఆమె ఏడ్చినప్పుడు దగ్గర ఉన్నాము గనుక. అందులో తప్పు లేదు. ఒకరి గాయము తెలిసికొనుట మంచిదే. కాని ఆ సినిమా రెండు పనులు చేసినది. ఒకటి, ఆమె అసలు నేరమును కథలోనుండి తీసివేసినది. ఇందులో ఆమె కుక్కలను చంపదు. పాత కథలోని కుక్కపిల్లల చర్మపు కోటు ఇందులో ఉత్త పుకారు మాత్రమే. రెండవది, ఆ కాఠిన్యమంతయు దొరసానిమీదికి నెట్టినది. కన్నబిడ్డనే చంపించమన్న స్త్రీ ఆ దొరసాని, ఆ బిడ్డయే ఎస్టెల్లా. అయితే దొరసాని ఎలా అలా అయినదో సినిమా ఎక్కడా చెప్పదు. ఆమెకు బాల్యము లేదు, తల్లి లేదు, ఏడ్చిన రాత్రి లేదు. ఒక దుష్టురాలికి కథ ఇచ్చుటకు కథ లేని దుష్టురాలు మరొకతె కావలసివచ్చినది. ఆ బట్టలు కుట్టినవారికైతే ముఖములు కూడ లేవు.

బైబిలులో సౌలును చూడండి. దావీదుమీద ఈటె విసరిన సౌలునే మనము జ్ఞాపకము పెట్టుకొంటాము. కాని తండ్రి గాడిదలను వెదకుచు తిరిగిన పడుచువానిగా, రాజుగా ఎన్నుకొంటే సామానులో దాగుకొన్న బిడియస్థునిగా గ్రంథము ముందు చూపినది. ఆ మంచి ఆరంభమును చూపి ఈటెను దాచలేదు, ఈటెను చూపి ఆ ఆరంభమును చెరిపివేయలేదు.

ఇక మా సంగతి. మా సంఘములో పదునాలుగేళ్ళ బాలుడొకడున్నాడు. క్రితము సంవత్సరము మందిరములో మైకు సెట్టు బ్యాటరీ పోయినది. వాడే తీశాడని తేలినది. పెద్దలందరి యెదుట, యువజన కూటమికి ఇక రావద్దని మేమే చెప్పాము. అప్పటినుండి ఊరంతా వానిని ఆ ఒక్క పేరుతోనే పిలుచుచున్నది. తెరమీది దొంగకు చప్పట్లు కొట్టిన మా చేతులే ఈ బిడ్డకు తలుపు మూసినవి.

మరునాడు వాడు పనిచేసే పంక్చరు షాపుకు వెళ్ళాము. వాడు ట్యూబు నీళ్ళలో ముంచుచు తల ఎత్తలేదు. "బాబూ, అది ఎందుకు తీశావురా?" అని అడిగాము.

"తీశానండయ్యగారూ. అమ్మేశాను" అన్నాడు. కొంతసేపు ఆగి, "నాన్న చెన్నై పనికి పోయి రెండేళ్ళయిందండి. ఫోను లేదు. వెతుకుదామని బయలుదేరాను. గూడూరు దాకా పోయేసరికి డబ్బులైపోయినయ్. ఆ రోజు మీరు తీశావా అనే అడిగారు గానండీ, ఎందుకు అని అడగలేదు" అన్నాడు.

మాకు మాట రాలేదు. ఆ ఒక్క ప్రశ్న అడుగుటకు మాకు ఒక సంవత్సరమును, ఒక సినిమాయును పట్టినవి.

బ్యాటరీ తీయుట తప్పు కాదని మేము చెప్పలేదు. నెలకు రెండు వందల చొప్పున దాని వెల చెల్లించుటకు వాడు ఒప్పుకొన్నాడు. ఆదివారము ఆరాధన తరువాత, మొదట అడుగవలసిన మాట అడుగకపోవుట మా తప్పని పెద్దల యెదుట మేమును ఒప్పుకొన్నాము. ఒక పెద్దాయన, "ఇలా అయితే రేపు ప్రతివాడూ ఒక కథ చెబుతాడు, అయ్యగారూ" అన్నారు. చెప్పవచ్చును. విన్న తరువాతనే తీర్పు చెప్పుదామని మాత్రము జవాబిచ్చాము. ఆయన ఇంకను ఒప్పుకొనలేదు. బాలుడు కూటమికి ఒక్కసారి వచ్చి వెనుక వరుసలో కూర్చున్నాడు. తరువాతి వారము రాలేదు. మరల వెళ్ళి పిలవవలెను.

ప్రియ తలిదండ్రులారా, ఆ సినిమాలో మరణము, పగ, దొంగతనము ఉన్నవి గనుక చిన్నపిల్లలకు తగదు. ఎదిగిన పిల్లలు చూస్తే వారి ప్రక్కన కూర్చొనండి. అయిపోయిన తరువాత ఒక్క మాట అడగండి: ఇందులో ఎవరి కథ మనకు చెప్పలేదు? ఆ మీదట మీ వీధిలో ఊరంతా ఒక్క చెడ్డపేరుతో పిలిచే ఇల్లు ఏదైనా ఉన్నదేమో ఆలోచించండి. మన బిడ్డ తప్పు చేస్తే దానికి వెనుక వంద కారణములు మనకు తెలుసు. పరాయి బిడ్డకును ఒక్కటైనా ఉండియుండును.