వ్రాయబడని పాఠ్యప్రణాళిక

పెద్దల యెదుట అడిగినదానికే బదులు చెప్పవలెనని, గురువు మాటకు అడ్డు రాగూడదని భవానీపురములో మా యింటను బడిలోను నేర్పిన మర్యాదను వెంటబెట్టుకొని, ఫార్మసీ పట్టము ముగించి ప్రజారోగ్యశాస్త్రము చదువుటకు అమెరికా చేరిన నాకు, ఇచ్చటి తరగతిలో ఆ మౌనము వినయముగా గాక అనాసక్తిగా లెక్కింపబడుచున్నదని ఒక ఆచార్యుని వ్యాఖ్యవలన తెలిసివచ్చినది.

వైద్యము, నర్సింగు, ఫార్మసీ, ప్రజారోగ్యము, ఏ శాఖయందైనను ఇచ్చటి పైచదువులో ఇట్టి అలిఖితనియమములు పెక్కులు గలవు. పలుచోట్ల ఆచార్యుని పేరుపెట్టి పిలువవలెను. సందేహము లేకున్నను ఆచార్యుడు విద్యార్థులను కలియు ఆఫీస్ అవర్స్‌లో పోయి పరిచయము పెంచుకొనవలెను, ఏలనన రేపు సిఫారసు లేఖ వ్రాయువాడు మార్కులనే గాక మనిషిని గూడ ఎరిగియుండవలెను. సెమినారులో పెద్దవారి వాదమునైనను ప్రశ్నింపవలెను. జీతము లేకున్నను ల్యాబులో పనిచేసి అనుభవము చూపవలెను. కాని ఎఫ్-1 విద్యార్థి వీసాపై వచ్చినవారు చదువు సాగుచుండగా క్యాంపస్‌లో వారమునకు 20 గంటలకు మించి పనిచేయరాదు. ఆ సంపాదనతోనే అద్దె చెల్లించు విద్యార్థి జీతములేని పనికి తీరిక ఎచ్చటినుండి తెచ్చును? తల్లిదండ్రులు వైద్యులైనవారికి ఈ మర్మములు ఇంటి ముచ్చట్లలోనే తెలియును. నల్లజాతివారికిని, వలసవచ్చినవారికిని, వంశమున తొలిసారి కళాశాల మెట్లెక్కినవారికిని చెప్పువారు అరుదు. 1968లో విద్యావేత్త ఫిలిప్ జాక్సన్ పాఠశాలలను పరిశీలించి ఇట్టి అలిఖితనియమములను గుప్త పాఠ్యప్రణాళిక యనెను. 1994లో సమాజశాస్త్రజ్ఞుడు ఫ్రెడరిక్ హాఫర్టీ ఆ భావమును వైద్యవిద్యకు అన్వయించెను.

1895లో భీమవరమున జన్మించిన జీవరసాయన శాస్త్రజ్ఞుడు యల్లాప్రగడ సుబ్బారావుగారు అలిఖితనియమములవలన కలుగు ఈ బాధను మనకంటె ముందే అనుభవించిరి. మద్రాసు వైద్యకళాశాలలో ఖద్దరు దుస్తులు తొడిగినందుకు శస్త్రచికిత్సాచార్యుని ఆగ్రహమునకు గురియై, ఎం.బి.బి.ఎస్.కు బదులు దానికంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టమునే పొందిరి. ఖద్దరు నిషిద్ధమని ఏ పాఠ్యగ్రంథములోను లేదు. బోస్టనులో ఆసుపత్రి కూలిపనులతో పొట్టపోసికొనుచు చదివి, 1925లో ఫాస్ఫరసును కొలుచు ఫిస్కే-సుబ్బారావు పద్ధతిని లోకమున కొసగియు, 1930లో పిహెచ్.డి. పొందియు, హార్వర్డున స్థిరమైన ఆచార్యపదవికి నోచుకొనక 1940లో లెడర్లీ ఔషధసంస్థకు తరలిపోయిరి.

ఈ దోషము పరదేశమునకే పరిమితమనుకొనుట ఆత్మవంచన. మన వైద్యకళాశాలలలో మొదటిదినముననే వినవచ్చు "ర్యాంకెంత?" అను ప్రశ్న పలుమార్లు కులమును కూపీలాగుటకే. తెలుగు మాధ్యమమున చదివి వచ్చిన దళిత, గిరిజన విద్యార్థి ఇంగ్లీషు ఉచ్చారణనుబట్టి తెలివి నిర్ణయింపబడుట అందరెరిగినదే. ఢిల్లీ ఎయిమ్స్‌లో ఎస్సీ, ఎస్టీ విద్యార్థులపట్ల సాగిన వివక్షను 2007లో ప్రభుత్వము నియమించిన థోరట్ కమిటీ నమోదుచేసినది. విదేశమున మనకు జరిగినదానికి నొచ్చుకొను మనము, స్వదేశమున మనము చేయుదానిని చూడకుండుట ధర్మము కాదు.

తోటి విద్యార్థి మౌనమునకు కారణ మడుగనేర్వనివాడు, రేపు భయముచే నోరువిప్పని రోగి వేదనను ఎట్లు గ్రహింపగలడు? కావున ఆచార్యులు తాము ఆశించునవన్నియు తొలివారముననే వ్రాసి యీయవలెను. మార్గమెరిగిన సీనియర్లు క్రొత్తగా వచ్చినవారిని, వారి ఊరును కులమును విచారింపక, పిలిచి చెప్పవలెను. చెప్పని నియమముతో మనిషిని తూచుట అన్యాయము.