మొరసునాడు పిల్లల మనసుకు సాయం ఎక్కడెక్కడ ఉంది

మొరసునాడు అని పిలుచుకునే హోసూరు, కృష్ణగిరి ప్రాంతంలో చదువుకునే తెలుగు పిల్లల మీద రెండు బరువులు పడతాయి. మార్కులు, నీట్, ఇంటివాళ్ళ ఆశలు, ఫీజుల బాకీ దేశంలో ఏ పిల్లలకైనా ఉన్నవే. రెండోది ఈ నేలకు సొంతం. ఇంట్లో తెలుగు, బజార్లో తమిళం, పై చదువుకు ఇంగ్లీషు, సరిహద్దు దాటితే కన్నడం. 2006లో వచ్చిన చట్టంతో తమిళనాట బడుల్లో తమిళం ఒకటో తరగతి నుంచి ఏటా ఒక్కో తరగతి చొప్పున తప్పనిసరి అవుతూ 2015-16కి పదో తరగతికి చేరింది. భాషా అల్పసంఖ్యాకులు కోర్టుకెక్కి పదో తరగతి తమిళ పేపరు నుంచి మినహాయింపు తెచ్చుకున్నారు. 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు దాన్ని ఇంకో ఏడాది పొడిగించింది. పరీక్షలు దగ్గరపడుతున్నా ఏ పేపరు రాయాలో తేలక బిక్కుబిక్కుమంటూ కూర్చున్న పిల్లల సంగతి ఆ ఉత్తర్వుల్లో కనిపించదు.

తళి దారిలో నేను చూసిన ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో వరండా గోడ మీద మూడు ఫోన్ నంబర్లు రాసి ఉన్నాయి. 1098 పిల్లల రక్షణకు, 14417 బడి చదువుకు సంబంధించిన సందేహాలకు, ఫిర్యాదులకు, 104 ఆరోగ్య సలహాకు. పక్కనే ‘మాణవర్ మనసు’ పెట్టె. పిల్లలు తమకు జరిగిన అన్యాయాన్ని, భయాన్ని చీటీ మీద రాసి వేయడానికి తమిళనాడు విద్యాశాఖ బడుల్లో పెట్టించినవి ఈ పెట్టెలు. గోడ మీది రాతంతా తమిళమే. తెలుగు మీడియం పిల్లలు దాన్ని చదవలేరని కాదు, తమిళం వాళ్ళకు బాగానే వచ్చు. కానీ గుండెల్లో గుబులు చెప్పుకోవాలంటే ఎవరికైనా ఇంటి మాటే ముందు నోటికొస్తుంది. ఆ పెట్టెలో తెలుగులో రాసిన చీటీ వేసినా చదివి పట్టించుకుంటారని ఎవరో ఒక అయ్యవారు తరగతిలో నోరారా చెప్పాలి. ఒక్క మాట చాలు, పెట్టె పిల్లలదవుతుంది.

మనసు నలిగిందని గుర్తుపట్టడం తేలిక కాదు. ఈ వయసులో దిగులు చాలాసార్లు దిగులులా కనిపించదు. తలనొప్పి, కడుపునొప్పి, చీటికీమాటికీ కోపం, అన్నం సయించకపోవడం, నిద్ర తలకిందులవడం, ఇష్టమైన ఆటకూ పిలిస్తే రాకపోవడం కనబడతాయి. పరీక్షల ముందు రెండు మూడు రోజులు ఇలా ఉండటం సహజం. రెండు వారాలు దాటినా తగ్గక, చదువూ తిండీ కుంటుపడితే అప్పుడు సాయం కావాలి. ఇంట్లోవాళ్ళు దాన్ని బద్ధకమనో పొగరనో తీసిపారేస్తే పిల్లలు మరింత ముడుచుకుపోతారు.

రోజువారీ జాగ్రత్తల్లో నిద్రదే పెద్దపీట. పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ళ వాళ్ళకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని వైద్యులు చెబుతారు. హోసూరులో అది మాటలన్నంత తేలిక కాదు. సిప్కాట్ పారిశ్రామికవాడ కంపెనీల్లో షిఫ్టులు చేసే ఇళ్ళల్లో అర్ధరాత్రి దీపం వెలుగుతుంది, తెల్లవారుజామున మళ్ళీ వెలుగుతుంది. ఒకటే గది ఉన్న ఇంట్లో చదువుకునే పిల్ల నిద్ర ఆ దీపంతోనే ముక్కలవుతుంది. అలాంటి ఇంట్లో పెద్దలు చేయగలిగింది, పిల్ల పడుకునే మూలకు ఒక తెర కట్టడం, ఫోను చప్పుడు తగ్గించడం. పిల్లలు చేయగలిగింది, పరీక్ష ముందురాత్రి మేలుకుని చదవడం మానడం. నిద్రలేని బుర్రలో చదివింది నిలవదు. ఆటలు, నడక, స్నేహితులతో కబుర్లు చదువుకు అడ్డం కావు.

బడిలో చెప్పుకోలేనప్పుడు, ఇంట్లో వినేవాళ్ళు లేనప్పుడు ఫోన్ ఉంది. 2022 అక్టోబరు 10న, ప్రపంచ మానసిక ఆరోగ్య దినం నాడు, కేంద్రం ‘టెలీ మానస్’ మొదలుపెట్టింది. నంబరు 14416. రాత్రీపగలూ పనిచేస్తుంది, డబ్బు పడదు. ఫోన్ కలిశాక భాష ఎంచుకోమంటుంది. ఈ సేవ ఇరవై భాషల్లో ఉంది, తెలుగు అందులో ఒకటి. హోసూరు పిల్లలకు ఇంతకన్నా పనికొచ్చే సంగతి ఇంకొకటి లేదని నా నమ్మకం. మొదట మాట్లాడేది శిక్షణ పొందిన కౌన్సెలర్. అవసరమనుకుంటే మానసిక వైద్యులకు కలుపుతారు, లేదా దగ్గరి ఆసుపత్రికి పంపిస్తారు. ఏం మాట్లాడాలో ముందే తయారు చేసుకోనక్కర్లేదు. ‘కొన్నాళ్ళుగా నిద్ర పట్టడం లేదు, చదువు మీద మనసు పోవడం లేదు’ అంటే చాలు, తక్కినది వాళ్ళే అడుగుతారు.

తోటి విద్యార్థి చచ్చిపోతానంటే ఆ మాటను తేలిగ్గా తీసుకోకూడదు, రహస్యంగా దాచకూడదు. వాళ్ళను ఒంటరిగా వదలకుండా పక్కనే ఉండి, నమ్మకమున్న పెద్దవాళ్ళను పిలవాలి, ప్రమాదం కళ్ళెదుట ఉంటే 108కి ఫోన్ చేయాలి. 2022లో దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారని జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్క. ఆత్మహత్యకు ప్రయత్నించినవారిని పోలీసు కేసవుతుందన్న భయంతో ఆసుపత్రికి తీసుకెళ్ళని కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. 2018 మే 29 నుంచి అమల్లో ఉన్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, అలాంటి ప్రయత్నం చేసినవారు తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలని, శిక్షించకుండా చికిత్స అందించాలని చెబుతోంది. చికిత్స వివరాలు గోప్యంగా ఉంచమని కోరే హక్కూ అదే చట్టంలో ఉంది.

కాలేజీల బాధ్యత సంగతి 2025 జులై 25న సుప్రీంకోర్టు తేల్చింది. విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న పదిహేడేళ్ళ అమ్మాయి మృతి కేసులో ఇచ్చిన తీర్పు అది. వందమంది, అంతకుమించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో అర్హతగల కౌన్సెలరో, సైకాలజిస్టో, సామాజిక కార్యకర్తో కనీసం ఒకరుండాలి. మార్కులను బట్టి పిల్లలను బ్యాచ్‌లుగా విడదీయకూడదు, నలుగురిలో అవమానించకూడదు. టెలీ మానస్ నంబరు హాస్టళ్ళలో, తరగతి గదుల్లో పెద్ద అక్షరాలతో కనబడాలి. హోసూరు చుట్టుపక్కల ఇంజనీరింగ్ కాలేజీలో పిల్లను చేర్చే తల్లిదండ్రులు ఫీజు అడిగినంత గట్టిగా, ‘మీ కౌన్సెలర్ ఎవరు, ఏ వేళల్లో దొరుకుతారు’ అని అడగాలి.

డాక్టరును చూడాల్సి వస్తే జిల్లాలోనే కృష్ణగిరి ఉంది. 2022 జనవరి 12న తమిళనాట ఒకేరోజు ప్రారంభమైన పదకొండు ప్రభుత్వ వైద్య కళాశాలల్లో కృష్ణగిరిది ఒకటి. కేసు జటిలమైతే బెంగళూరు నిమ్హాన్స్. హోసూరు నుంచి నలభై కిలోమీటర్ల లోపే. బస్సు అత్తిబెలె, ఎలక్ట్రానిక్ సిటీ, సిల్క్ బోర్డు, మడివాళ దాటాక ఆ ఆసుపత్రి ఉన్న రోడ్డు పేరు కూడా హోసూరు రోడ్డే. పాత మానసిక ఆసుపత్రినీ, 1954లో పెట్టిన శిక్షణ సంస్థనూ కలిపి 1974లో నిమ్హాన్స్ ఏర్పడింది. టెలీ మానస్‌కు దేశస్థాయి కేంద్రం కూడా అదే. రాయలసీమ నుంచి ఏళ్ళతరబడి రోగులు వెళ్ళే చోటు కాబట్టి అక్కడ తెలుగు కొత్త కాదు. పొద్దున్నే వెళ్ళి పేరు నమోదు చేయించుకోవాలి. పద్దెనిమిదేళ్ళ లోపు వాళ్ళ వెంట తల్లో తండ్రో ఉండాలి. ఆధార్, రేషన్ కార్డు, పాత చీటీలు పట్టుకెళ్ళడం మేలు. మొదటిరోజు చాలాసేపు పడుతుంది. ఎప్పటి నుంచి, నిద్ర ఎలా ఉంది, ఇంట్లో ఎవరికైనా ఇలా ఉండేదా అని ఓపిగ్గా అడుగుతారు.

మందులు రాస్తే, కాస్త తేలికపడగానే మానేయడం చాలామంది చేసే పొరపాటు. మోతాదు తగ్గించేది, ఆపేది డాక్టరే. మాత్రల కోసం నెలనెలా బెంగళూరు పోవడం కూలినాలి వాళ్ళకు కష్టం. ఆ సంగతి డాక్టరుతో చెప్పి, కృష్ణగిరిలోనో హోసూరు ప్రభుత్వ ఆసుపత్రిలోనో చూపించుకునేలా వివరంగా చీటీ రాయించుకోవచ్చు.