గోడలు మావి, నేల ఎవరిది?

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. పాత ఇల్లు కొని చూడు అని మాత్రం ఎందుకనలేదో! ఆ మూడో ముక్క మా ఇంటి అనుభవంతో నేను చేర్చుకున్నాను.

మాది కృష్ణా డెల్టాలో ఒక పల్లెటూరు. నేను డిగ్రీ మొదటి సంవత్సరంలో ఉండగా నాన్న, పెదనాన్న వేరుపడ్డారు. పాతిల్లు పెదనాన్న వాటాకి పోయింది. మాకు రెండెకరాల మాగాణి, 1,20,000 రూపాయల రొక్కం వచ్చాయి. తలదాచుకోవడానికి ఇల్లు కావాలి గదా! అప్పుడే కాలువ గట్టు మీద మూడు గదుల పెంకుటిల్లు బేరానికి వచ్చింది. వెనక పశువుల పాక, ముందు వేపచెట్టు. ధర మూడు లక్షలు. కొత్తది కట్టాలంటే అంతకు మూడింతలవుతుంది. అమ్మకి ఆ వేపచెట్టు మరీ నచ్చింది.

బ్యాంకుకు వెళితే, "స్థలం దస్తావేజు ఏదండీ?" అని అడిగారు. లేదన్నాం. అప్పు లేదన్నారు. ఆ ఒక్క ప్రశ్నే మాకు హెచ్చరిక కావలసింది. కానీ బ్యాంకుల వాళ్ళెప్పుడూ ఇంతేలే అనుకుని, నూటికి రెండు రూపాయల వడ్డీకి బయట 1,80,000 తెచ్చాం. అంటే నెల తిరిగేసరికి 3,600 రూపాయలు.

కాగితాలు వచ్చిన రోజు నాన్న వాటిని నా చేతిలో పెట్టి, "ఒరేయ్, చదువుకున్నావు గదా, నువ్వు చూడు. నువ్వు సరే అంటే సరే" అన్నాడు. వంద రూపాయల స్టాంపు కాగితం మీద ఒప్పందం, ఇంటిపన్ను రసీదులు, కరెంటు బిల్లులు. ఈసీ తీయిస్తే అందులో లావాదేవీలేవీ లేవు. నేను గంభీరంగా తలూపి, "చిక్కేమీ లేదు నాన్నా" అన్నాను.

మొదటి వానకే నడిమి గది కారింది. మేస్త్రి నిచ్చెనేసి పైకెక్కి, "పెంకుల సంగతి తర్వాత, వెన్నుగాడికి చెద పట్టింది చూసుకోండి" అన్నాడు. వాసాలు, పెండెబద్దలు సగానికి సగం మార్చాల్సి వచ్చింది. ఇరవై వేలనుకున్న మరమ్మతు 62,000 అయింది. గేదెనమ్మి కట్టాం. పాత ఇంటి ధర అమ్మేవాడు చెప్పేది కాదు, చెద చెప్పేది అని అమ్మ ఇప్పటికీ అంటుంది.

అదైనా భరించాం. పోయిన ఎండాకాలం కాలువ కట్టేశాక, సంబంధిత శాఖ వాళ్ళు గొలుసులతో వచ్చి గట్టు కొలిచారు. పోతూ పోతూ మా వీధిగోడ మీద ఎర్ర రంగుతో గుర్తు పెట్టారు. ఇది కాలువ పోరంబోకు, ఎప్పుడు అవసరమైతే అప్పుడు ఖాళీ చేయాలి అన్నారు. ఆ రాత్రి నాన్న అన్నం తినలేదు. నన్నొక్క మాట కూడా అనలేదు. అంటే బాగుండుననిపించింది.

ఆ తర్వాత చదివాను, చదవాల్సినప్పుడు చదవనివన్నీ. వంద రూపాయలూ, ఆపైన విలువ చేసే స్థిరాస్తి అమ్మకం రిజిస్టరు అయి తీరాలని 1908 నాటి చట్టం. మేము మూడు లక్షల ఇంటిని వంద రూపాయల స్టాంపు మీద కొన్నాం! పన్ను రసీదు పన్ను కట్టామనడానికి సాక్ష్యమే గాని, నేల మనదనడానికి కాదు. "ఇరవై ఏళ్ళుగా ఉంటున్నాం, ఎవడు కదుపుతాడు?" అన్నాడు అమ్మినాయన. ప్రైవేటు భూమి స్వాధీనం కోసం దావా వేయడానికి గడువు 12 ఏళ్ళయితే, ప్రభుత్వానికి 1963 నాటి కాలపరిమితి చట్టం 30 ఏళ్ళిచ్చింది. ఈసీలో ఏమీ లేదంటే రిజిస్టరైన లావాదేవీ లేదని మాత్రమే అర్థం. ప్రభుత్వ భూమి ఏనాడూ చేతులు మారకపోతే అందులో ఏముంటుంది?

మా లాబ్‌లో సాల్టు ఎనాలిసిస్ చేసేటప్పుడు పరీక్షనాళికలో అవక్షేపం రాకపోతే మేస్టారు అడుగుతారు: "సాల్టులో అది లేదా, లేక నువ్వు పోసిన రీఏజెంటు తప్పా?" నేను తప్పు రీఏజెంటు పోసి, శుద్ధమని సర్టిఫికెట్ ఇచ్చాను. సర్వే నెంబరు పట్టుకుని రెవిన్యూ రికార్డు చూసి, రిజిస్ట్రారు ఆఫీసులో అది నిషేధిత జాబితాలో ఉందో లేదో అడిగి ఉంటే ఒక్క పూట పని.

ఈ రెండేళ్ళలో వడ్డీయే 86,400 కట్టాం. ధర, మరమ్మతు కలిపితే మొత్తం 4,48,400. అప్పు అసలు కదల్లేదు.

సంక్రాంతి ముందు పక్క ఊరి నుంచి ఒకతను ఇల్లు చూడటానికి వచ్చాడు. ఎర్ర గుర్తుకి అప్పటికే మేము సున్నం వేసి ఉన్నాం. మూడు లక్షల పాతిక వేలిస్తానన్నాడు. అప్పు తీరుతుంది, చేతిలో కొంత మిగులుతుంది. అమ్మ గుమ్మంలో నుంచి నాన్న వంక చూస్తోంది. అతను తెచ్చిన కుర్రాడు కూడా నా ఈడువాడే, కాగితాలు తిరగేస్తున్నాడు.

నాన్న లేచి, గోడ దగ్గరికి వెళ్ళి గోటితో సున్నం గీకాడు. "తమ్ముడూ, ఇది చూసుకో. నేల మాది కాదు" అన్నాడు. అతను దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు. అమ్మ కాసేపు కళ్ళొత్తుకుని, అందరికీ కాఫీ పెట్టింది.

మిత్రులారా! మనలో చాలామంది ఇళ్ళల్లో మనమే మొదటి చదువరులం. ఇవాళో రేపో మీ నాన్నగారు కూడా ఒక కాగితం మీ చేతిలో పెట్టి "నువ్వు చూడు" అంటారు. తెలియకపోతే తెలియదనండి. అది చెప్పడానికి సిగ్గుపడ్డందుకే మేమింకా వడ్డీ కడుతున్నాం.