దాచుకొన్న వంతు

మనుష్యులు ధనాన్ని దాచుకొంటారు, ధాన్యాన్ని దాచుకొంటారు, ఆడపిల్ల పెండ్లికని బంగారాన్ని దాచుకొంటారు. వంతును దాచుకొనే మనుష్యులను మాత్రం నేను అమెరికా పడమటి రాష్ట్రాలకు వచ్చిన తరువాతనే చూచాను. ఇక్కడ వేటకు పోవలెనంటే తుపాకి, ఓపిక ఉంటే చాలవు; వంతు రావలెను. అది త్వరగా రావడానికి ఏటేటా కొంత సొమ్ము కట్టి, ఒక్కొక్క పాయింటు చొప్పున కూడబెట్టుకోవలెను. వీటికి ప్రాధాన్యపు పాయింట్లని పేరు. వయోమింగ్ రాష్ట్రంలో ప్రాంగ్‌హార్న్ వేట కొరకు 2015 మొదలు 2023 వరకు నేను ఈ విధంగా తొమ్మిది పాయింట్లు కూడబెట్టాను. 2024 వసంతంలో వాటిని ఖర్చు చేయవలెనా, ఇంకా కొన్నాళ్లు దాచవలెనా అన్న ప్రశ్న నన్ను చాలా రోజులు విడువలేదు.

ప్రాంగ్‌హార్న్‌ను ఇక్కడివారు వాడుకలో ‘యాంటిలోప్’ అంటారు. అది మన కృష్ణజింక వంటి జింక కాదు. దాని వంశంలోని తక్కిన జంతువులన్నీ ఏనాడో నశించినవి, మిగిలినది ఇదొక్కటే. జీవించి ఉన్న జంతువులలో దీనికి దగ్గరి చుట్టాలు ఆఫ్రికాలోని జిరాఫీ, ఒకాపి అని శాస్త్రజ్ఞులు చెబుతారు. కొమ్ముకు ముందువైపు ఒక పంగ ఉంటుంది. లోపలి ఎముక నిలిచి ఉండగా పైనున్న తొడుగు ఏటేటా రాలిపోయి మళ్లీ పెరుగుతుంది. గంటకు ఎనభై కిలోమీటర్లకు మించిన వేగంతో అది పరుగెత్తగలదు. ఉత్తర అమెరికాలో నేడున్న ఏ తోడేలూ ఏ కొండసింహమూ ఆ వేగాన్ని అందుకోలేవు. మరి ఎవరికి వెరచి అంత వేగం నేర్చినది? చీతాను పోలిన పెనుమార్జాలం ఒకటి పూర్వం ఆ మైదానాలలో ఉండేదనీ, అది అంతరించి పదివేల ఏండ్లు దాటినదనీ, ప్రాంగ్‌హార్న్ నేటికీ ఆ లేని శత్రువు నుండే పారిపోతున్నదనీ జాన్ బయర్స్ అనే జంతుశాస్త్రజ్ఞుడు 1997లో ప్రకటించిన గ్రంథంలో వాదించాడు.

ఈ సంగతి చదివినప్పుడు నాకు కర్నూలు ప్రాంతపు పచ్చిక బయళ్లలో చిన్నతనంలో చూచిన కృష్ణజింకలు జ్ఞాపకం వచ్చినవి. వాటిని తరిమిన చీతా మన దేశంలో అంతరించినదని 1952లో ప్రకటించారు. 2022లో నమీబియా నుండి కొన్నింటిని తెచ్చి మధ్యప్రదేశ్‌లోని కూనో అడవిలో వదిలారు; మా బయళ్లకు మాత్రం చీతా తిరిగి రాలేదు. అయినా అక్కడి జింక పరుగు తగ్గలేదు. శత్రువు పోయినా భయం దేహంలో నిలిచి ఉంటుంది. మనుష్యుల పొదుపులో కూడా ఇటువంటిదేదో ఉన్నదని నాకు తోచింది. ఏనాటి కరవుకో జడిసి నేర్చిన అలవాటు, కరవు తీరిన తరువాత కూడా చేతిని బిగించి పట్టుకొంటుంది.

వంతు కొరకు ఇంత ఏర్పాటు ఎందుకని పాఠకులు అడుగవచ్చును. పందొమ్మిదవ శతాబ్దపు ఆరంభంలో ఈ జంతువులు కోట్ల సంఖ్యలో ఉండేవని అంచనా. 1920ల తొలి భాగంలో లెక్కించేసరికి ఖండమంతటిలోనూ ముప్పై వేల ప్రాంతానికి దిగిపోయినవి. కంచెలు, పశువుల మందలు, అంగడి కొరకు సాగిన వేట వాటిని ఆ స్థితికి తెచ్చినవి. ఆ తరువాత రాష్ట్రాలు వేటను నిషేధించి, కొంత కోలుకొన్న పిమ్మట లెక్క ప్రకారం అనుమతించినవి. తుపాకుల మీద, తూటాల మీద వచ్చే పన్నును వన్యప్రాణుల రక్షణకు మళ్లించే చట్టం 1937లో వచ్చింది. నేడు ప్రాంగ్‌హార్న్‌లు లక్షలలో ఉన్నవి. అందులో పెద్ద భాగం వయోమింగ్‌లోనే. మన దేశం 1972 చట్టంతో కృష్ణజింక వేటను పూర్తిగా మాన్పించింది. వీరు వేటగాడినే వరుసలో నిలబెట్టి అతని సొమ్ముతోనే మందను కాపాడుతున్నారు. ఏ పద్ధతి మేలన్నది ఇక్కడ తేల్చబోను. నేను నిలబడినది ఈ రెండవ వరుసలో.

ఆ వరుస నియమాలు కొన్ని చెప్పవలసి ఉన్నది. నేను ఉండేది పొరుగున ఉన్న కొలరాడోలో. వయోమింగ్ వాసులకు ఈ వేటలో పాయింట్ల గొడవ లేదు. బయటివారికి లైసెన్సులలో ఐదవ వంతు మాత్రమే కేటాయిస్తారు. అందులో నూటికి 75 ఎక్కువ పాయింట్లున్నవారికి వరుసగా పోతవి. మిగిలిన 25 అదృష్టాన్ని బట్టి చీటీలు తీసి ఇస్తారు. పాయింటు ధర ముప్పై డాలర్లకు కొంచెం ఎక్కువ. దానిని అమ్మరాదు, మరొకరి పేర మార్చరాదు. వరుసగా రెండేండ్లు దరఖాస్తు పెట్టక, పాయింటూ కొనక ఊరకున్నట్లయితే కూడబెట్టినదంతా కొట్టివేస్తారు. మొదటి కోరికగా అడిగిన ప్రాంతంలో లైసెన్సు వచ్చిన మరుక్షణం పాయింట్లన్నీ సున్న అవుతవి. తొమ్మిదింటిలో ఐదు వాడుకొని నాలుగు మిగుల్చుకోవడమన్నది లేదు.

మన ఊళ్లలో చీటీపాట ఎరిగినవారికి ఈ లెక్క సగం బోధపడుతుంది. చీటీని ముందుగా పాడుకొన్నవాడు కొంత పోగొట్టుకొంటాడు; చివరి నెల దాకా ఆగినవాడికి మొత్తం చేతికి వస్తుంది. అందుచేత ఆగగలవాడే తెలివైనవాడని మన పెద్దలు చెబుతారు. కాని చీటీకి చివరి నెల ఒకటి ఉంటుంది. ఈ పాయింట్లకు అది లేదు. ఏటేటా కొత్తవారు వరుసలో చేరుతున్నారు, పాతవారు కదలకుండా దాచుకొంటున్నారు, లైసెన్సులు పెరగడం లేదు. నేను మొదటి పాయింటు కొన్న నాడు ఆరింటికి దొరికిన ప్రాంతం, నాకు ఆరు వచ్చేసరికి ఎనిమిది అడిగింది. నాకు తొమ్మిది వచ్చేసరికి పదకొండు దాటింది. నేను ముందుకు నడుస్తున్నాను, గమ్యం నాకంటె వేగంగా వెనుకకు జరుగుతున్నది. అటువంటి చోట ఓపిక ఒక్కటే గుణమని చెప్పడానికి వీలులేదు.

ప్రాంతాల తేడా కూడా ఉన్నది. రాష్ట్రపు తూర్పు భాగంలో కొన్ని ప్రాంతాలకు పాయింట్లు దాదాపు అక్కరలేదు. కాని అక్కడి భూమిలో అధికభాగం పశువుల పెంపకందార్ల సొంతం. లైసెన్సు చేత పట్టుకొని వెళ్లినా కంచె బయటనే నిలువవలసి రావచ్చును. నైరుతి దిక్కున రెడ్ డెజర్ట్ వైపు భూమి చాలవరకు ప్రభుత్వానిది. సేజ్ పొదలు తప్ప అడ్డమేమీ లేని ఆ బయళ్లలో ఎవరైనా తిరుగవచ్చును. పదిహేను అంగుళాల కొమ్ములు అటువైపే దొరుకుతవని వేటగాండ్రు కథలుగా చెప్పుకొంటారు. అందుచేతనే అక్కడి వరుస అంత పొడుగు. నేను తొమ్మిదేండ్లు దాచినది ఆ కొమ్ముల కొరకే.

మా అమ్మ పెండ్లినాటి పట్టుచీర ఒకటి పెట్టె అడుగున ఉండేది. మంచి శుభకార్యం వచ్చినప్పుడు కట్టుకొంటానని ప్రతి శుభకార్యానికీ అనేది. ఇంతకన్న మంచిది మరొకటి వస్తుందని మళ్లీ పెట్టెలో పెట్టేది. చివరకు ఒక పండుగనాడు విప్పి చూస్తే, మడతలు పడిన చోటల్లా చీర నిలువునా చీకిపోయి ఉన్నది. ఎవరూ కట్టలేదు, ఎవరూ చింపలేదు. పెట్టెలో ఉండడమే దానిని చింపింది. అమ్మ ఏమీ అనలేదు; ఆ ముక్కలలో బాగున్న జరీ అంచును కత్తిరించి మా చెల్లెలి పరికిణీకి కుట్టించింది.

ఇంతవరకూ ఇది నా ఒక్కడి లెక్క. దీనిని మరొక దారికి మళ్లించినవారు మా వీథి చివర ఉండే పెద్దమనిషి. ఆయనకు డెబ్బై నాలుగేండ్లు. నాకు ఆయన కొడుకు వయస్సు ఉంటుంది. రైఫిలు పట్టడం, గాలి వాలు చూడడం, కొట్టిన జంతువును వెంటనే ఒలిచి మాంసాన్ని చల్లార్చడం, ఇవన్నీ నాకు నేర్పినది ఆయనే. పాయింట్లను ఆయన ఎన్నడూ ఎక్కువ కాలం నిలువ ఉంచేవారు కారు. రెండో మూడో కాగానే ఏదో ఒక ప్రాంతానికి దరఖాస్తు పెట్టి వెళ్లి వచ్చేవారు. 2020లో అలాగే ఖర్చు చేశారు గనుక, 2024 నాటికి ఆయన దగ్గర ఉన్నవి మూడే. ఆ శీతకాలంలో వారి గుండెకు శస్త్రచికిత్స జరిగింది. ఇంకొక్క శరత్తు తిరుగవచ్చునని వైద్యుడు అన్నాడు. ఆ తరువాతి మాట చెప్పలేదు.

ఇద్దరు కలిసి ఒకే దరఖాస్తు పెట్టుకొనే వీలు ఆ రాష్ట్రంలో ఉన్నది. కాని అప్పుడు ఇద్దరి పాయింట్లనూ కలిపి సగటు కడతారు. నావి తొమ్మిది, ఆయనవి మూడు, సగటు ఆరు. ఆరు పాయింట్లతో రెడ్ డెజర్ట్‌లోని పెద్ద కొమ్ముల ప్రాంతం రాదు. మధ్యరకం ప్రాంతం ఒకటి వస్తుంది. ప్రభుత్వ భూమి తగినంత ఉండి, బండి దారికి దూరం పోకుండా తిరగడానికి అది అనువైనది.

సంగతి కదిపినప్పుడు ఆయన వెంటనే ఒప్పుకోలేదు.

“అవి నీ తొమ్మిదేండ్లు. ముసలివాడి కొరకు సగానికి కోసుకోవద్దు” అన్నారు.

“మీరు నేర్పకపోతే ఆ తొమ్మిదింటితో నేనేమి చేసేవాడిని?” అన్నాను.

“నేర్పినదానికి ఎవరైనా బాకీ కడతారా?” అని ఆయన నవ్వి ఊరుకొన్నారు.

బాకీ తీర్చుకోవడమే నా ఉద్దేశమైతే ఆయన మాట సరియైనదే. అందుచేత ఆయన ప్రస్తావన తీసివేసి మరొకసారి లెక్క వేసి చూచాను. ప్రాంగ్‌హార్న్ సాధారణంగా పదేండ్లు దాటి బ్రతకదు. అంటే నేను మొదటి పాయింటు కొన్ననాడు ఆ బయలులో మేస్తున్న జంతువులలో నేటికి మిగిలినవి బహు కొద్ది. నా పొదుపు ఏ జంతువు కొరకు మొదలైనదో అది నన్ను ఎదురుచూచి ఎదురుచూచి నేల కలిసినది. ఇక మంద స్థితి. 2022-23 శీతకాలంలో నైరుతి వయోమింగ్‌లో మంచు లోతుగా పడి గడ్డకట్టి, మేత అందక, రోగం కూడా తోడై జంతువులు గుట్టలుగా చచ్చినవి. పైన్‌డేల్ పట్టణపు పరిసరాలలోని సబ్లెట్ మందలో సగానికి పైగా పోయినవి. 2023లో ప్రభుత్వం లైసెన్సులను వేల సంఖ్యలో తగ్గించింది. వంతు దాచుకొన్నవారు వేలమంది ఉండగా, ఆ వంతుకు వెనుక నిలువ ఉన్న సరకు ఒక్క శీతకాలంలో సగమైనది. పుస్తకంలో అంకె తగ్గదు. అంకె వెనుకనున్న ప్రాణం తగ్గుతుంది.

అప్పుడు నాకు స్పష్టమైనది ఒక్కటి. పాయింటును దాచుతున్నామని మనం అనుకొంటాము. నిజానికి మూడు వస్తువులు కలిసి ఉన్న రోజును దాచుతున్నాము: బయలులో జంతువు, దేహంలో శక్తి, పక్కన మనిషి. ఈ మూడింటిలో ఏదీ పెట్టెలో నిలువ ఉండేది కాదు. వీటిలో ఏది మొదట తరిగిపోతున్నదో చూచుకొని, దాని లెక్క ప్రకారం తక్కిన వాటిని ఖర్చు చేయడమే వివేకం. పడుచువాడు, పక్కనున్న స్నేహితుడూ పడుచువాడే అయి, మంద బాగున్న రోజులలో, మరి నాలుగేండ్లు ఆగితే తప్పులేదు. ఆగడం స్వతహాగా మంచిదీ కాదు, చెడ్డదీ కాదు. ఆ సంవత్సరం నా ముందున్న మూడింటిలో త్వరగా తరిగిపోయేది ఏదో చెప్పడానికి వైద్యుడు అక్కరలేదు.

మే నెలలో ఇద్దరి పేర్లతో ఒక్క దరఖాస్తు పంపాను. ఈ మారు ఆయన కాదనలేదు. జూన్‌లో ఫలితం వచ్చింది. తొమ్మిది పోయి సున్న అయినది. చూచి ఒక్క నిమిషం గుండె కలుక్కుమన్నమాట నిజం. తరువాత ఆయనకు ఫోను చేశాను. “తూటాలు ఉన్నవా?” అని మాత్రం అడిగారు.

అక్టోబరు మొదటి వారంలో వెళ్లాము. ఆ బయలులో ఎటు చూచినా బూడిదరంగు పొదలు, వాటి పైన గాలి. ప్రాంగ్‌హార్న్ కన్ను పెద్దది, చూపు బహు దూరం. మనం దానిని చూచేసరికి అది మనలను ఎప్పుడో చూచి ఉంటుంది. ఆయన ఒక దిబ్బ వాలులో కూర్చుని బైనాక్యులర్స్‌తో చూచి చెబుతూ ఉంటే నేను పొదల మాటున ప్రాకాను. మొదటి రోజున రెండుసార్లు మంద లేచిపోయింది. రెండవ రోజు ఉదయం ఆ దిబ్బ మీద నుండే, కదలవలసిన పని లేకుండా, ఆయన నూట ఎనభై గజాలలో ఒక పోతును పడగొట్టారు. సాయంత్రం నాకొకటి దొరికింది. దాని కొమ్ము కొలిస్తే పన్నెండు అంగుళాలున్నది. పదిహేను కాదు.

మాంసాన్ని మంచు పెట్టెలలో సర్దుకొని రాత్రికి ఇల్లు చేరాము. మరునాడు మా ఇంటిలో అల్లం, వెల్లుల్లి, గుంటూరు మిరపకారం పట్టించి సన్నని సెగ మీద వండాము. ఆయన నీళ్లు త్రాగుతూ, కన్నీళ్లు తుడుచుకొంటూ రెండవసారి వడ్డించుకొన్నారు. వారి పాయింట్లు సున్న, నావీ సున్న. మళ్లీ వచ్చే ఏటి నుండి ఒక్కొక్కటి కొనవలెను. ఎన్ని కొంటానో, ఎన్నటికి ఖర్చు చేస్తానో ముందుగా లెక్క కట్టుకోలేదు. పక్కన ఎవరుంటారో చూచి నిర్ణయించుకోవలసిన సంగతి అది.