నక్షా, మసాలా

ఏ వస్తువును గురించి అయినా మనిషికి రెండు సందేహాలు కలుగుతాయి. అది ఎట్లా ఉన్నది? అది దేనితో అయినది? మొదటి సందేహాన్ని కన్ను తీరుస్తుంది. రెండవదానికి కన్ను చాలదు. చేత్తో తాకాలి, తూచి చూడాలి, చేసినవాణ్ణి పిలిచి అడగాలి. కుండకు మట్టి ఉపాదాన కారణమనీ, కుమ్మరి నిమిత్త కారణమనీ మన తార్కికులు విడదీసి చెప్పడంలో ఎంతో లోకజ్ఞానం ఉంది. కుండ ఆకారాన్ని కాగితం మీద ఎవరైనా గీయవచ్చు. నీరు నిలిచేది మాత్రం మట్టి వల్లనే.

సాహిత్యం బోధించేవాడు భవన నిర్మాణ సాఫ్ట్‌వేర్ గురించి వ్రాయడం కొందరికి వింతగా తోచవచ్చు. అయితే మన విద్యార్థులు కొందరు చదువు ముగించుకొని తిరుపతిలోను, చెన్నైలోను డ్రాయింగు కార్యాలయాలలో చేరుతున్నారు. సెలవులకు వచ్చినప్పుడు వారు చెప్పే సంగతులు వింటూ ఉంటే, వారి పనిలోని చిక్కు ఒకటి నాకు బాగా పరిచయమైనదిగా కనిపించింది. అది పేరుకూ వస్తువుకూ, శబ్దానికీ అర్థానికీ మధ్య ఉండే చిక్కే.

వారు చేసే పనిని ముందు వివరిస్తాను. ఒక భవనానికి కంప్యూటరులో నమూనా తయారు చేస్తారు. అందులోని భాగాలన్నీ ఒకే చోట గీయరు. కిటికీ ఒక కంపెనీ ఫైలులో నుండి వస్తుంది. మెట్లు మరొక కార్యాలయం నుండి వస్తాయి. పాత కట్టడమైతే దాని ఆకారాన్ని లేజరు యంత్రంతో కొలిచి తెస్తారు. ఇట్లా బయటి నుండి దిగుమతి చేసుకున్న ఆకారం తెర మీద చాలాసార్లు బూడిద రంగు బొమ్మగా నిలుస్తుంది. అందులో గోడ ఏది, గాజు ఏది, ఇనుము ఏది అని యంత్రానికి తెలియదు. ఒక్కొక్క భాగాన్ని ఎన్నుకొని ఇది ఇటుక, ఇది నల్లరాయి, ఇది టేకు అని పదార్థాన్ని కేటాయించడం మన పిల్లవాని పని.

ఆకారంతో పాటు పదార్థం ఎందుకు రాదు అని అడగవచ్చు. కారణం ఫైలు తీరులో ఉంది. ఎస్‌టీఎల్ అనే రకం ఫైలులో చిన్న చిన్న త్రిభుజాలు తప్ప మరేమీ ఉండవు. ఓబీజే అనే రకంలో ఆకారం ఒక ఫైలులోను, దాని పదార్థాల వివరం ఎంటీఎల్ అనే తోడు ఫైలులోను ఉంటాయి. పంపేవారు రెండవదాన్ని మరచిపోతే ఆకారం ఒంటరిగా వస్తుంది. తోడు ఫైలు వచ్చినా అందులో ఉండేది రంగు, మెరుపు, నునుపు మాత్రమే. బరువు, బలం అందులో లేవు. భవనాల కోసమే ఏర్పడిన ఐఎఫ్‌సీ అనే పద్ధతిలో పదార్థం పేరును, గోడలోని పొరల వరుసను కూడా పంపే సౌకర్యం ఉంది. అయితే పంపేవాడు వాటిని నింపి ఉండాలి. అతడు పెట్టిన పేరు ఇక్కడి పట్టికలోని పేరుతో కలవాలి. ఒకరు ‘ఇటుక-1’ అనీ, మరొకరు ‘గోడ ఎరుపు’ అనీ వ్రాసుకుంటే యంత్రానికి అవి రెండు వేర్వేరు వస్తువులు.

రెవిట్ వంటి సాఫ్ట్‌వేర్‌లో బయటి డ్రాయింగుకు లేయర్ల వారీగా పదార్థం ఇవ్వవచ్చు. గీసినవాడు తలుపునూ గోడనూ ఒకే లేయరులో పెట్టి ఉంటే తలుపుకు కూడా ఇటుక అంటుకుంటుంది. ఇది చూడగానే తెలిసిపోయే తప్పు కనుక దీనివల్ల పెద్ద ప్రమాదం లేదు. అసలు ప్రమాదం చూపుకు అన్నీ సరిగ్గా ఉన్నచోట పొంచి ఉంటుంది.

అదే రెవిట్‌లో ఒక పదార్థాన్ని తెరిచి చూస్తే పైకి కనిపించే రూపానికి ఒక పుట, భౌతిక గుణాలకు ఒక పుట, ఉష్ణ గుణాలకు ఒక పుట వేరు వేరుగా ఉంటాయి. రూపం పుటలో ఎర్ర ఇటుక బొమ్మ అతికించి, తక్కిన పుటలను వట్టిగా వదలినా తెర మీద గోడ ముచ్చటగానే ఉంటుంది. కాల్చిన ఇటుక ఘనమీటరుకు సుమారు 1800 కిలోలు తూగుతుంది. నేడు విరివిగా వాడుతున్న ఏఏసీ బ్లాకు సుమారు 600 కిలోలే తూగుతుంది. వేడిని లోపలికి పంపే గుణంలో ఇటుక ఆ బ్లాకు కంటే సుమారు నాలుగు రెట్లు ఎక్కువ. రెండింటి మీదా ఒకే సున్నపు పూత వేస్తే కన్ను తేడా పట్టలేదు. పునాది పడుతుంది, వేసవిలో ఆ గదిలో పడుకున్నవాడు పడతాడు.

ఈ భేదాన్ని చెప్పడానికి ఉర్దూలో చక్కని జంట మాటలు ఉన్నాయి. నక్షా అంటే పటం, రూపరేఖ. మసాలా అనగానే మనకు వంటిల్లు గుర్తుకు వస్తుంది. కాని అరబ్బీ ‘మసాలిహ్’ నుండి వచ్చిన ఆ మాటకు ఒక వస్తువు తయారీకి కావలసిన సామగ్రి అని అర్థం. ఉర్దూ మాట్లాడే తాపీ పనివారు గోడకట్టుకు కలిపే అడుసును మసాలా అనే పిలుస్తారు. తెలుగు మేస్త్రీ దానినే మాలు అంటాడు. నక్షా ఒక ఊరి నుండి మరొక ఊరికి క్షణంలో వెళుతుంది. మసాలాను మాత్రం ఉన్న ఊరిలోనే, అక్కడి నీటితో, అక్కడి ఇసుకతో కలుపుకోవాలి.

మన ఊరి పేరులోనే ఈ పాఠం దాగి ఉంది. శ్రీ అంటే సాలీడు, కాళం అంటే సర్పం, హస్తి అంటే ఏనుగు అని స్థలపురాణం. ఆ సాలీడు తన దారంతో శివునికి గుడి కట్టిందనీ, దీపజ్వాల తగిలి అది కాలిపోయిందనీ పెద్దలు చెబుతారు. దాని భక్తిలో కొరత లేదు, ఆకారంలో లోపం లేదు. నిప్పుకు ఓర్చే గుణం మాత్రం ఆ ద్రవ్యంలో లేదు. పవిత్ర ఖుర్ఆనులో 29వ సూరాకు ‘అన్‌కబూత్’, అనగా సాలీడు, అనే పేరు. అందులో సాలీడు ఇల్లు దుర్బలతకు ఉపమానంగా వచ్చింది. రెండు సంప్రదాయాలలోను ఈ చిన్న ప్రాణి కట్టిన ఇంటినే ఉదాహరణగా తీసుకోవడం నాకు ఎంతో అందంగా తోస్తుంది.

ఊరి కథ నుండి ఊరి వృత్తికి వస్తే అక్కడా ఇదే విషయం. కలంకారీ అన్నది పారశీకం నుండి వచ్చిన మాట. కలంతో చేసే పని అని అర్థం. శ్రీకాళహస్తి కళాకారుడు గుడ్డను కరక్కాయ రసంలోను పాలలోను తడిపి ఆరవేస్తాడు. చింతబొగ్గుతో బొమ్మ రేఖలు వేస్తాడు. పాత ఇనుము, బెల్లం నీటిలో ఊరవేసి చేసిన కసిమితో ఆ రేఖలను స్థిరపరుస్తాడు. ఇంతవరకు అది నక్షా. తరువాత ఎరుపు రావలసిన చోట పటిక నీటిని పూస్తాడు. ఆ పూత గుడ్డ మీద దాదాపు కనిపించదు. కొత్తగా చూసేవారు ఇతడు ఏమీ పూయలేదనే అనుకుంటారు. ఎర్రరంగునిచ్చే వేళ్ళతో కలిపి గుడ్డను ఉడికించినప్పుడు పటిక ఉన్న చోటనే ఎరుపు పట్టుకుంటుంది. తక్కిన చోట అంటిన రంగు ఉతుకులో పోతుంది. కరక్కాయ వగరుతో కలిసినప్పుడు ఇనుము నలుపునిస్తుంది. అంటే కళాకారుడు గుడ్డ మీద కేటాయించేది గుణాన్ని. రంగు ఆ గుణం వెంట వస్తుంది. పటిక పూయకుండా పైపైన ఎరుపు రుద్దిన గుడ్డ అంగడిలో కొంతకాలం మోసం చేయగలదు, స్వర్ణముఖి నీటిలో ముంచితే చేయలేదు.

ఇక గోపురం సంగతి. శ్రీకృష్ణదేవరాయలు 1516లో కట్టించిన రాజగోపురం 2010 మే 26వ తేదీ రాత్రి నిలువునా చీలి కూలిపోయింది. దాదాపు ఐదు శతాబ్దాలు ఊరికి ఆనవాలుగా నిలిచిన కట్టడం అది. అదే చోట లేచిన కొత్త గోపురానికి 2017లో ప్రతిష్ఠ జరిగింది. పాత గోపురం ఆకారం వేలాది ఛాయాచిత్రాలలో మిగిలి ఉంది. ఎన్ని అంతస్తులో లెక్కపెట్టవచ్చు, ఏ బొమ్మ ఎక్కడ ఉన్నదో చెప్పవచ్చు. కాని ఆ పగులు లోపల ఎంత దూరం పాకిందో, గోడ నడుమ సున్నం ఎక్కడ గట్టిగా ఉండి ఎక్కడ పొడిబారిందో ఏ ఛాయాచిత్రమూ చెప్పదు.

ఇటువంటి పాత గోపురాలను నేడు లేజరుతో కొలిచి కంప్యూటరులోకి ఎక్కిస్తున్నారు. అది మంచి పని. అయితే లేజరు కిరణం తాకేది పైచర్మాన్నే. విజయనగర కాలపు గోపురాలలో సాధారణంగా అడుగుభాగం నల్లరాయి, పై అంతస్తులు ఇటుక, సున్నం, ఆపైన సుద్దబొమ్మల పూత. దిగుమతి అయిన బూడిద రంగు ఆకారాన్ని చూసి, గుడి కదా అని మొత్తానికి రాయిని కేటాయిస్తే ఏమవుతుంది? నల్లరాయి ఘనమీటరుకు సుమారు 2650 కిలోలు, ఇటుక కట్టు సుమారు 1900 కిలోలు. పై అంతస్తుల బరువు లెక్కలో సుమారు నలభై శాతం పెరుగుతుంది, లేని బలం కూడా లెక్కలోకి చేరుతుంది. ఆ లెక్కను నమ్మి మరమ్మతు చేసేవాడు లేని గోపురానికి వైద్యం చేసినవాడవుతాడు. కనుక పదార్థం కేటాయించే ముందు ఎవరో ఒకరు ఆ గోడ దగ్గరకు వెళ్ళి తట్టి చూడాలి, నమూనా తీసి పరీక్షించాలి. కుర్చీలో కూర్చుని తేల్చగల విషయం కాదది.

గోపురాల మాట అటుంచి, మన కళ్ళెదుటి మామూలు కట్టడాలలోను ఇది జరుగుతుంది. తిరుపతిలో ఒక డ్రాయింగు కార్యాలయంలో పనిచేస్తున్న నా పూర్వ విద్యార్థి ఒకడు చెప్పిన ఉదంతం ఇది. ఒక విద్యార్థి వసతిగృహం నమూనా మరొక నగరం నుండి వారికి వచ్చింది. మిద్దె మీద తెల్లని పెంకులు పరిచినట్లు బొమ్మలో కనిపిస్తున్నది. కట్టించేవారు ఆ బొమ్మ చూసి సంతోషించారు. ఎండకాలంలో పై అంతస్తు పిల్లలకు కొంత చల్లన అనుకున్నారు. సామాను లెక్క తీస్తే అందులో ఒక్క పెంకు లేదు. విప్పి చూస్తే కాంక్రీటు మీద పెంకుల బొమ్మను రూపం కోసం అతికించారు. మా వాడు అడిగితే, అది చూపుకోసం వేసినదే, పని కానివ్వు అన్నారు. అతడు వాదించలేదు. డ్రాయింగు మూలలో, ‘మిద్దెపై పొర ఇంకా నిర్ణయం కాలేదు’ అని ఒక వాక్యం వ్రాశాడు. కట్టించేవారు ఆ వాక్యం చదివి ప్రశ్నించారు. చర్చ జరిగి, పెంకులు లెక్కలో చేరాయి. చిత్తూరు సీమ ఎండలో కాంక్రీటు మిద్దె కింద పగలంతా ఉన్నవారికి ఆ ఒక్క వాక్యం విలువ తెలుస్తుంది.

తెలియనప్పుడు తెలియదని వ్రాసి పెట్టడం కూడా పదార్థాన్ని కేటాయించడంలో భాగమేనని నేను అతని వల్ల గ్రహించాను. వట్టిగా ఉన్న గడిని అందమైన బొమ్మతో కప్పితే తరువాతివాడు అక్కడ నిర్ణయం జరిగిపోయిందని భ్రమపడతాడు. గడి వట్టిదని కనిపిస్తే ఎవరో ఒకరు అడుగుతారు.

విద్యార్థి మిత్రులారా, ఈ పనిలో ప్రవేశించేవారు సాఫ్ట్‌వేర్ నేర్చుకోవడంతో పాటు నెలకు ఒకనాడైనా కట్టుబడి జరిగే చోటికి వెళ్ళండి. ఇటుకను చేత పట్టి బరువు చూడండి. మాలు కలిపే వృద్ధ మేస్త్రీని పేర్లు అడిగి వ్రాసుకోండి. బయటి నుండి ఫైలు రాగానే రంగులు దిద్దడానికి తొందరపడక, ఏ భాగం ఏ పదార్థమో, ఆ మాట ఎవరు చెప్పారో ఒక పట్టిక తయారు చేయండి. కళాశాల కమిటీ పెద్దలకు కూడా ఒక మనవి. రేపు మనం గదులో, గ్రంథాలయమో కట్టదలచినప్పుడు మన ముందుకు రంగుల బొమ్మ వస్తుంది. దాని అందాన్ని మెచ్చుకుందాం. మెచ్చుకున్న తరువాత గోడ దేనితో, మిద్దె దేనితో, ఆ సంగతి లెక్కలో ఎక్కడ ఉన్నది అని మూడు ప్రశ్నలు అడుగుదాం. జవాబు చెప్పగల పిల్లలను తయారు చేయడం మన పని. అడగడం నేర్చుకోవడం కూడా మన పనే.